ఆసుపత్రికి దారి కూడా వైద్యంలో భాగమే: సస్కాచెవాన్ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సస్కాచెవాన్ శాసనసభ్యులకు, అధికార పక్షంలో ఉన్నవారికీ ప్రతిపక్షంలో ఉన్నవారికీ, నమస్కారాలు.

నేను ఉద్యోగం కోసం కెనడాలోని ఈ రాష్ట్రానికి వచ్చి, ఇక్కడే పౌరసత్వం తీసుకుని, ఒక చిన్న పట్టణంలో స్థిరపడిన తెలుగు మహిళను. పెద్ద నగరాలకు దూరంగా ఉండేవాళ్లు ఆసుపత్రికి వెళ్లిరావడానికి పడుతున్న అవస్థల గురించి ఇరుగుపొరుగు కుటుంబాలతో కలిసి ఆంగ్లంలో ఒక వినతిపత్రం రాసి సంబంధిత కార్యాలయానికి పంపాం. అందిందని రసీదు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఫోను చేస్తే ఒక విభాగం వారు మరో విభాగం పేరు చెప్పారు, ఆ విభాగం వారు మళ్లీ మొదటి వారి పేరే చెప్పారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. తెలుగులో రాయడానికీ కారణం ఉంది. ఈ రాష్ట్రంలోని వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో, హోటళ్లలో పనిచేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఇలాంటి ఊళ్లలోనే ఉంటున్నారు. ఈ సంగతి ముందు వాళ్లకు తెలియాలి, వాళ్లూ తమ ప్రతినిధిని అడగాలి. ఆంగ్ల ప్రతి మీ అందరికీ విడిగా చేరుతుంది.

విషయం సూటిగా చెబుతాను. 1946లో అప్పటి ముఖ్యమంత్రి టామీ డగ్లస్ ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రభుత్వ బస్సు సర్వీసు, సస్కాచెవాన్ ట్రాన్స్‌పోర్టేషన్ కంపెనీ, 2017 మే 31న ఆఖరి బస్సు నడిపి మూతపడింది. వైద్య అవసరాల కోసమైనా దాన్ని తిరిగి నడపాలని కోరుతున్నాం.

ఈ రాష్ట్రం చూడని పాఠకుల కోసం ఒక మాట. సస్కాచెవాన్ విస్తీర్ణం ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో సగం ఉండవు. జనాభా మాత్రం 12 లక్షలకు కాస్త పైన, అందులోనూ దాదాపు సగం మంది సాస్కటూన్, రెజైనా నగరాల్లో, వాటి చుట్టుపక్కల ఉంటారు. మిగిలినవాళ్లు ఈ మహా మైదానం మీద, ఉత్తరాన అడవుల్లో, సరస్సుల మధ్య చెల్లాచెదురుగా ఉన్న ఊళ్లలో బతుకుతున్నారు. జనవరిలో మైనస్ 30 డిగ్రీల చలి మామూలే. అలాంటి చోట వంద కిలోమీటర్ల దూరాన్ని మన కోస్తా జిల్లాల వంద కిలోమీటర్లతో పోల్చి చూడకూడదు.

డగ్లస్ పేరు ఎత్తని నాయకుడు ఈ రాష్ట్రంలో లేడు. మెడికేర్, అంటే అందరికీ వర్తించే ప్రభుత్వ వైద్య బీమా, పుట్టిన నేల ఇదని రెండు పక్షాలూ గర్వంగా చెప్పుకుంటాయి. 2004లో కెనడా జాతీయ ప్రసార సంస్థ నిర్వహించిన ఓటింగులో దేశ ప్రజలు ఆయన్నే అత్యుత్తమ కెనడియన్‌గా ఎన్నుకున్నారు. ఆయన రాజకీయ జీవితం ఏ క్రమంలో నడిచిందో ఒకసారి వరుసగా గుర్తు చేస్తాను. మా కోరికకు బలం ఆ క్రమంలోనే ఉంది.

ఆయన 1904లో స్కాట్లండ్‌లో పుట్టారు. 1910లో కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వచ్చింది. చిన్నప్పుడే మోకాలి ఎముకకు చీము పట్టింది. తండ్రి ఇనుము పోత పోసే కార్మికుడు, ఖరీదైన వైద్యానికి స్తోమత లేదు. కాలు తీసేయక తప్పదన్న దశలో ఒక పేరున్న శస్త్రవైద్యుడు, వైద్య విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు దక్కింది. ఒక పిల్లవాడి కాలు ఒక మంచి డాక్టరు కంటపడటం మీద, తండ్రి జేబు మీద ఆధారపడకూడదని డగ్లస్ జీవితమంతా చెబుతూ వచ్చారు.

1930లో ఆయన సస్కాచెవాన్‌లోని వేబర్న్ పట్టణానికి బాప్టిస్టు పాస్టరుగా వచ్చారు. ఆర్థిక మాంద్యం, కరువు, దుమ్ము తుపానులు కలిసి గోధుమ రైతును నేలకేసి కొట్టిన కాలం అది. దగ్గరలోని గ్రిఫిన్‌లో ఒకరిని, పాంగ్‌మన్‌లో మరొకరిని, ఇద్దరూ ముప్పయ్యో పడిలో ఉన్న, చిన్న పిల్లల తండ్రులను, తానే ఖననం చేయించానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. వాళ్ల చావుకు ఆయన చెప్పిన కారణాలు రెండు: అందుబాటులో డాక్టరు లేడు, చేతిలో డబ్బు లేదు.

సభ్యులారా, ఆ రెండు కారణాలనూ విడివిడిగా గుర్తుంచుకోమని కోరుతున్నాను. ఒకటి దూరం, రెండోది డబ్బు. డగ్లస్ ఆ రెండింటి మీదా పోరాడారు. ఈనాడు ఆయన విగ్రహానికి దండ వేసేటప్పుడు మనం డబ్బు సంగతి ఒక్కటే తలచుకుంటున్నాం, దూరం సంగతి మరిచిపోయాం.

1935లో ఆయన పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1944 జూన్‌లో ఆయన నాయకత్వంలోని సీసీఎఫ్ (కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్) పార్టీ రాష్ట్ర శాసనసభలోని 52 స్థానాల్లో 47 గెలిచింది. ఉత్తర అమెరికా ఖండంలో అది తొలి సోషల్ డెమోక్రాట్ ప్రభుత్వం. ముఖ్యమంత్రిగా ఉంటూనే 1949 వరకు ఆరోగ్య శాఖను తన చేతిలోనే పెట్టుకున్నారు. వృద్ధాప్య పింఛనుదారులకు, వారిలాంటి నిరాధారులకు 1945 నుంచే ఉచిత వైద్యం మొదలైంది. కేన్సర్ చికిత్సను ప్రభుత్వమే భరించింది. 1946లో ప్రభుత్వ వాయు అంబులెన్సు ఎగిరింది, అదే సంవత్సరం ప్రభుత్వ బస్సు రోడ్డెక్కింది, అదే సంవత్సరం స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో అందరికీ వర్తించే ప్రాంతీయ వైద్య పథకం ఆరంభమైంది. 1947 జనవరి 1న ఆసుపత్రి బీమా వచ్చింది: మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం ఎంత పెద్దదైనా 30 డాలర్లకు మించదు. ఆ తర్వాతి దశాబ్దంలో 50 వేలకు పైగా పొలం ఇళ్లకు కరెంటు చేరింది. 1955లో సాస్కటూన్‌లో విశ్వవిద్యాలయ ఆసుపత్రి తెరిచారు. డాక్టరు ఫీజు సైతం ప్రభుత్వ బీమాలోకి వస్తుందని ఆయన ప్రకటించింది 1959 డిసెంబరులో, అంటే గద్దెనెక్కిన 15 ఏళ్లకు.

ఈ వరుస చూడండి. మెడికేర్ చివర వచ్చింది. ఆ ప్రకటనకు పదమూడేళ్ల ముందే విమానమూ బస్సూ వచ్చాయి. ఆరోగ్య బీమా కార్డు ఇచ్చే నాటికి ఆ కార్డు పట్టుకుని వెళ్లే దారి సిద్ధంగా ఉంది.

డబ్బు లేదని చెప్పడానికి ఆయనకూ కావలసినంత అవకాశం ఉండేది. అప్పుల్లో మునిగిన రాష్ట్రాన్ని చేపట్టారు. అప్పు తీర్చుకుంటూ, బడ్జెట్‌ను అదుపులో పెట్టుకుంటూ, ఆసుపత్రి ఖర్చులో 1958 నుంచి కేంద్రం వాటా రావడం మొదలయ్యాకే, అలా మిగిలిన వెసులుబాటుతో మెడికేర్‌కు పూనుకున్నారు. నష్టం వచ్చే ప్రతిదాన్నీ ఆయన మొండిగా నడిపారని అనడం కూడా నిజం కాదు. ఆయన ప్రభుత్వం పెట్టిన బూట్ల ఫ్యాక్టరీ, ఉన్ని మిల్లు నిలదొక్కుకోలేదు, వాటిని మూసేశారు. బూట్లు మరొకచోట కొనుక్కోవచ్చు. ఆసుపత్రికి వెళ్లే బస్సుకు బదులు మరొకటి దొరకదు. ఈ తేడా ఆయనకు తెలుసు. అందుకే మిల్లు పోయింది, బస్సు మిగిలింది. ఆయన తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ, ఏ రంగు జెండాదైనా, 70 ఏళ్లపాటు ఆ బస్సును నడిపింది.

ఆయనను దేవుడిని చేయాలన్నది నా ఉద్దేశం కాదు. 1933లో రాసిన ఎం.ఏ. సిద్ధాంత గ్రంథంలో బలహీనులుగా ముద్రపడిన కుటుంబాలకు సంతాన నిరోధ శస్త్రచికిత్సలు చేయాలన్న అమానుష వాదాన్ని ఆయన సమర్థించారు. అది చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అయితే పొరుగున ఉన్న అల్బర్టాలో అలాంటి చట్టం అమలులో ఉన్న రోజుల్లోనే, ఆరోగ్య మంత్రిగా తన చేతికి అధికారం వచ్చినప్పుడు ఆయన ఆ దారి తొక్కలేదు. పాత ఆలోచనను వదులుకోవడం నాయకుడికి చిన్నతనం కాదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను. 2017 నిర్ణయం విషయంలో మీరూ ఆ పని చేయవచ్చు.

1962 సంగతి కూడా చెప్పాలి. మెడికేర్ చట్టం 1961 నవంబరులో ఆమోదం పొందింది. అప్పటికే డగ్లస్, సీసీఎఫ్ స్థానంలో కొత్తగా ఏర్పడిన ఎన్‌డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీకి) జాతీయ నాయకుడై రాష్ట్ర పదవి వదిలారు. వుడ్రో లాయిడ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1962 జులై 1న పథకం అమలులోకి వచ్చిన రోజే డాక్టర్లు సమ్మెకు దిగారు. 23 రోజులు సాగింది. భయపడిన తల్లిదండ్రులు ఊరూరా సంఘాలు పెట్టి పథకాన్ని వెనక్కి తీసుకోమన్నారు. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది, కొన్ని ఊళ్లలో ప్రజలే చందాలు వేసుకుని సామాజిక క్లినిక్‌లు తెరుచుకున్నారు. చివరకు బ్రిటన్ నుంచి వచ్చిన లార్డ్ టేలర్ మధ్యవర్తిత్వంతో జులై 23న సాస్కటూన్ ఒప్పందం కుదిరింది. ఇందుకు రాజకీయంగా చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు: సమ్మెకు ముందే, ఆ జూన్‌లో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో సాక్షాత్తూ డగ్లస్ రెజైనాలో ఓడిపోయారు, 1964లో లాయిడ్ ప్రభుత్వం పడిపోయింది. అయినా గెలిచి వచ్చిన లిబరల్ ప్రభుత్వం మెడికేర్‌ను రద్దు చేయలేదు. కన్సర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్ నియమించిన ఎమ్మెట్ హాల్ కమిషన్ 1964లో దేశమంతటికీ ఇదే పద్ధతి సిఫారసు చేసింది. లిబరల్ ప్రధాని పియర్సన్ 1966లో చట్టం తెచ్చారు. 1972 నాటికి ప్రతి రాష్ట్రమూ చేరింది. ఒక వామపక్ష నాయకుడు మొదలుపెట్టిన పనిని ఆయన ప్రత్యర్థులే దేశానికి అందించారు. మీలో ఎవరు బస్సును తిరిగి తెచ్చినా అది ఒక పార్టీ ఓటమిగా ఎవరూ లెక్కించరు.

ఇక దారి ఎలా మూసుకుపోయిందో చెబుతాను.

మొదటి దెబ్బ 1993లో తగిలింది. అప్పుడు అధికారంలో ఉన్నది డగ్లస్ వారసులైన ఎన్‌డీపీ వారే. రాష్ట్రం దివాలా అంచున ఉందన్న కారణంతో రాయ్ రోమనో ప్రభుత్వం 52 చిన్న ఊళ్ల ఆసుపత్రులను మూసేసింది, లేదా చిన్న ఆరోగ్య కేంద్రాలుగా మార్చింది. లోటు నిజమే, కాదనను. కానీ ఆ రోజుతో వేలాది కుటుంబాలకు ఆసుపత్రి దూరమైంది. దూరమైనా వెళ్లడానికి బస్సు ఉందిలే అనుకున్నాం.

రెండో దెబ్బ 2017లో. మార్చి బడ్జెట్‌లో ప్రకటించి మే నెలాఖరుకు బస్సులు ఆపేశారు. 250కి పైగా ఊళ్లను కలుపుతున్న సర్వీసు అది. ప్రయాణికులు తగ్గారని, లాభం వచ్చే మార్గాలు రెండే ఉన్నాయని, మరో ఐదేళ్లు నడపాలంటే 8.5 కోట్ల డాలర్ల రాయితీ కావాలని సస్కాచెవాన్ పార్టీ ప్రభుత్వం వివరించింది. ఏడాదికి 1.7 కోట్ల డాలర్లు, రాష్ట్ర జనాభా మీద పంచితే మనిషికి 15 డాలర్ల లోపు. మరుసటి ఏడాది, 2018 అక్టోబరు 31న, గ్రేహౌండ్ సంస్థ కూడా పశ్చిమ కెనడా నుంచి తప్పుకుంది. ఇప్పుడు పెద్ద నగరాల మధ్య ప్రైవేటు బస్సులు కొన్ని నడుస్తున్నాయి. మాలాంటి ఊళ్లకు సొంత కారే దిక్కు. ఆసుపత్రులు ఒకరు తీశారు, బస్సు మరొకరు తీశారు. గుడి కట్టి మెట్లు పడగొట్టినట్టయింది.

ఆ బస్సు ఎలా ఉండేదో ఎక్కినవాళ్లకు తెలుసు. నేను వచ్చిన కొత్తలో చాలాసార్లు ఎక్కాను. దారిలో ప్రతి ఊళ్లో పెట్రోలు బంకు ముందో, కాఫీ దుకాణం ముందో ఆగేది. డ్రైవరు దిగి పక్కనున్న సామాను అర పైకెత్తేవాడు. అందులో ఆసుపత్రి చీటీ అంటించిన తెల్లటి థర్మోకోల్ పెట్టె ఒకటి, ల్యాబ్‌కు వెళ్లే రక్తం నమూనాలు. దాని పక్కనే నూనె కాగితంలో చుట్టిన కోత యంత్రం విడిభాగం, కోతల రోజుల్లో ఏ రైతో ఎదురుచూస్తున్నది. ఒక గుడ్డ సంచీ నిండా గ్రంథాలయం పుస్తకాలు. వాకర్ పట్టుకుని నిలబడిన ముసలమ్మకు డ్రైవరు చేయి అందించి, ఆమె కూర్చునేదాకా బస్సు కదిలించేవాడు కాదు. వైద్యానికి వెళ్లేవారికి తక్కువ ధరకు ప్రత్యేక పాసు ఉండేది. ఆ బస్సు టికెట్ల రాబడిని మాత్రమే లెక్కగట్టినవారు ఆ అరలో ఏముందో లెక్క వేయలేదు.

బస్సు లేకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో మీ ముందుంచుతున్నాను.

1. కేన్సర్ రోగులు. రేడియేషన్ చికిత్స ఇచ్చే కేంద్రాలు రాష్ట్రం మొత్తంలో రెండే: సాస్కటూన్‌లో ఒకటి, రెజైనాలో ఒకటి. రేడియేషన్ అంటే ఒక్క రోజుతో అయిపోయేది కాదు, వారాల తరబడి రోజూ వెళ్లాలి. కీమో ఎక్కించుకున్న మనిషి వాంతులతో, నీరసంతో తిరుగు ప్రయాణంలో తానే కారు నడపలేడు. భార్యో భర్తో సెలవు పెట్టాలి. సెలవు పెడితే ఆ వారం జీతం పోతుంది. ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరినో బతిమాలుకోవాలి. మా ప్రాంతపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పండుగ శుభాకాంక్షల మధ్య ఇలాంటి సందేశాలు కనిపిస్తుంటాయి: "గురువారం ఉదయం సాస్కటూన్ వైపు ఎవరైనా వెళ్తున్నారా అండీ? అమ్మకు స్కాన్ ఉంది. పెట్రోలు ఖర్చు ఇస్తాను." ఒకసారి మాట ఇచ్చినాయన తెల్లవారుజామున మంచు తుపాను హెచ్చరిక చూసి రాలేనన్నాడు. ఆయనను తప్పు పట్టలేం. కానీ ఆ స్కాన్ వాయిదా పడింది, మళ్లీ తేదీ దొరకడానికి వారాలు పట్టింది. ఒక రోగి పరీక్ష పొరుగువాడి దయ మీద, ఆకాశం దయ మీద ఆధారపడి ఉండటం మెడికేర్ పుట్టిన చోట జరగవలసిన పనేనా?

2. కొత్తగా వచ్చిన వలస కార్మికులు. చిన్న ఊళ్లలో పనిచేసేవాళ్లు కావాలని ఈ రాష్ట్రమే మమ్మల్ని పిలిచింది. వచ్చిన సహాయకురాలికి, నర్సుకు, వంటవాడికి కారు ఉండదు. భారత దేశపు లైసెన్సును నేరుగా మార్చుకునే వీలు లేదు, ఇక్కడి పరీక్షలు నెగ్గాలి. మంచు మీద బండి నడపడం నేర్చుకోవడానికి సమయం పడుతుంది. మాకు తెలిసిన ఒక తెలుగు అమ్మాయి వృద్ధాశ్రమంలో రాత్రి షిఫ్టు చేస్తుంది. ఆమె గర్భవతిగా ఉన్నప్పుడు స్కానింగు కోసం నగరానికి వెళ్లాల్సి వచ్చింది. ఎవరి కారూ దొరకక ఆ నెల పరీక్ష మానేసింది. మీ ఊరి ముసలివాళ్లను రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న మనిషి పగలు తన వైద్యానికి వెళ్లలేకపోయింది. ఇలాంటివాళ్లు కొన్నాళ్లు చూసి నగరానికి మారిపోతారు. ఆ తర్వాత మనుషులు దొరకడం లేదని ఆశ్రమాలు మళ్లీ ప్రకటనలు ఇస్తాయి.

3. వృద్ధులు. చూపు మందగించి లైసెన్సు వదులుకున్న రోజున వాళ్ల వైద్యం కూడా వాళ్ల చేయి జారిపోతోంది. పిల్లలు అల్బర్టాలోనో అంటారియోలోనో ఉంటారు.

4. మూలవాసీ స్త్రీలు, ఇంట్లో హింస నుంచి తప్పించుకోవాలనుకునే ప్రతి స్త్రీ. హత్యకు గురైన, అదృశ్యమైన మూలవాసీ స్త్రీల గురించిన జాతీయ విచారణ సంఘం 2019 నాటి తుది నివేదికలో, మారుమూల ప్రాంతాల వారికి సురక్షితమైన, ధర అందుబాటులో ఉండే ప్రయాణ సౌకర్యం కల్పించాలని స్పష్టంగా కోరింది. అర్ధరాత్రి రోడ్డు పక్కన నిలబడి తెలియని లారీని ఆపాల్సిన పరిస్థితి ఏ ఆడపిల్లకూ రాకూడదు. ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసీ జాతుల వారికి వైద్య ప్రయాణ ఖర్చును కేంద్ర పథకం భరిస్తుందన్న సంగతి నాకు తెలుసు. ఖర్చు ఎవరు భరించినా ఎక్కడానికి బండి ఉండాలి కదా.

5. అత్యవసర విభాగాలు. సిబ్బంది కొరతతో గ్రామీణ ఆసుపత్రుల్లో అత్యవసర విభాగాలు రోజుల తరబడి తాత్కాలికంగా మూతపడుతున్నాయి. పక్క ఊరికి వెళ్లమంటారు. ఆ పక్క ఊరు గంట దూరంలో ఉంటుంది. అంబులెన్సు పిలిస్తే కిలోమీటర్ల లెక్కన బిల్లు వస్తుంది. 65 ఏళ్లు దాటిన వారికి ఆ బిల్లుపై పరిమితి ఉంది, మిగిలినవారిలో చాలామందికి లేదు. కాబట్టి ఛాతీలో నొప్పి వచ్చిన నలభై ఏళ్ల మనిషి ముందు బిల్లు గురించి ఆలోచిస్తాడు. డగ్లస్ తొలగించాలనుకున్నది సరిగ్గా ఆ ఆలోచననే.

బస్సులు ఖాళీగా తిరిగేవని మీరు అంటారు. కొన్ని మార్గాల్లో ఆ మాట నిజం. నలుగురితో వెళ్లిన బస్సులో ఆ నలుగురూ కేన్సర్ కేంద్రానికి వెళ్తుంటే అది ఖాళీ బస్సు ఎలా అవుతుంది? ఆసుపత్రి వార్డులో మంచాలు ఖాళీగా ఉన్నాయని ఎవరూ నష్టం రాయరు. పెద్ద బస్సు అవసరం లేని చోట చిన్న వ్యాను నడపండి. రోజూ అవసరం లేని చోట వారానికి రెండు రోజులు నడపండి. నేను పుట్టిన చోట పల్లెవెలుగు బస్సు లాభం కోసం నడవదని చిన్నపిల్లలకూ తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆ భారం మోయడం తేలికని చెప్పను. తలసరి ఆదాయంలో మీకంటే ఎంతో వెనుకబడిన ప్రభుత్వాలు కూడా బస్సును ప్రజల హక్కుగా చూస్తున్నాయని మాత్రమే చెబుతున్నాను.

మా డిమాండ్లు ఇవి.

1. చిన్న పట్టణాలను, మూలవాసుల రిజర్వులను, ఉత్తరాది ఊళ్లను సాస్కటూన్, రెజైనా, ప్రిన్స్ ఆల్బర్ట్ ఆసుపత్రులతో కలిపే ప్రభుత్వ వైద్య బస్సు సర్వీసును వచ్చే బడ్జెట్‌లోనే నిధులతో సహా ప్రకటించాలి. బస్సు వేళలు ఓపీ వేళలకు సరిపోవాలి. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రాగలగాలి. వాకర్, వీల్‌చైర్ ఎక్కే ఏర్పాటు ఉండాలి. ఇది చట్టం ద్వారా రావాలి, మరో బడ్జెట్ రోజున ఒక్క ప్రకటనతో ఆగిపోకూడదు.

2. స్కాన్, రక్తపరీక్ష, నిపుణుడి అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడు "మీరు ఎలా వస్తారు?" అని అడగడం తప్పనిసరి చేయాలి. దూరం నుంచి వచ్చేవారికి వీలైనన్ని పరీక్షలు ఒకే రోజు పెట్టాలి. దీనికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.

3. అత్యవసర విభాగం మూసే ముందు ఆ సంగతి స్థానిక రేడియోలో, ఆసుపత్రి తలుపు మీద, ఫోను సందేశాల్లో తెలపాలి. తెరిచి ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడికి ఎలా చేరాలో అందులో ఉండాలి.

4. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తరలించినందుకు ఏ వయసు రోగికీ అంబులెన్సు బిల్లు వేయకూడదు. ఎక్కడికి తరలించాలో నిర్ణయించేది రోగి కాదు.

5. 2017 తర్వాత ప్రయాణ సౌకర్యం లేక ఎన్ని అపాయింట్‌మెంట్లు తప్పిపోయాయో, ఆలస్యమైన చికిత్సల వల్ల ఆసుపత్రుల మీద ఎంత అదనపు భారం పడిందో స్వతంత్ర సంఘంతో లెక్క తీయించి సభ ముందు పెట్టాలి. ఆ సంఘంలో వృద్ధులు, మూలవాసులు, వలస కార్మికులు, పాత బస్సు డ్రైవర్లు ఉండాలి. ఏ మలుపులో ఎవరు ఎక్కేవారో డ్రైవర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అధికార పక్ష సభ్యులకు ఒక విన్నపం. గ్రామీణ నియోజకవర్గాలే మీకు వరుసగా ఓట్లు వేసి గెలిపించాయి. బస్సు పోగొట్టుకున్నదీ ఆ ఓటర్లే. ప్రతిపక్ష ఎన్‌డీపీ సభ్యులకు మరో విన్నపం. డగ్లస్ మీ ఇంటి పెద్ద. 1993లో మూసిన ఆసుపత్రుల గురించి, అధికారంలోకి వస్తే బస్సు విషయంలో ఏం చేస్తారో దాని గురించి స్పష్టంగా రాసి ఇవ్వండి. మూసినప్పుడు వ్యతిరేకించామన్న ఒక్క మాటతో మాకు ప్రయాణం జరగదు.

తెలుగు సోదర సోదరీమణులకు కూడా ఒక మాట. మన ఉగాది, దీపావళి వేడుకలకు శాసనసభ్యులు వస్తారు. మనం శాలువా కప్పుతాం, పిల్లల నాట్యం చూపిస్తాం, ఫొటోలు దిగుతాం. ఆ మర్యాద అలాగే సాగనివ్వండి. వేదిక దిగేలోపు పైనున్న ఐదు డిమాండ్లలో ఒకటి అడగండి, జవాబు రాసుకోండి. నగరంలో కారున్న కుటుంబాలు ఇది తమ సమస్య కాదని అనుకోకండి. మన అమ్మానాన్నలు ఇక్కడే ముసలివాళ్లవుతున్నారు. మీ ఊరి నుంచి ఆసుపత్రికి ఎంత దూరమో, ఎలా వెళ్తున్నారో, ఏ పరీక్ష తప్పిపోయిందో మీ ప్రతినిధికి ఒక్క పేజీ రాయండి. రోగి పేరు రాయనవసరం లేదు, ఊరి పేరు చాలు.

సభ్యులారా, మార్చిలో బడ్జెట్ సమావేశాలు మొదలయ్యేలోపు ఈ ఐదు అంశాల మీద లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. "పరిశీలిస్తాం" అన్నది మాకు జవాబు కాదు. ఏ అంశానికి ఒప్పుకుంటారు, దేనికి ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అన్నది విడివిడిగా చెప్పండి. మీలో ప్రతి ఒక్కరూ ఇచ్చిన జవాబును తెలుగులోకి మార్చి, మీ నియోజకవర్గం పేరుతో సహా ఇదే విధంగా ప్రచురిస్తాం. జవాబు రాని నియోజకవర్గాల జాబితా కూడా దాని కిందనే ఉంటుంది.

ఇట్లు,
సస్కాచెవాన్‌లోని ఒక చిన్న పట్టణంలో నివసిస్తున్న తెలుగు ఓటరు,
ఇరుగుపొరుగు కుటుంబాల తరఫున